బండిని ఆపడం నేర్చిన కథ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రో స్తంభాల వెంటే వచ్చి, ఎల్బీనగర్ కూడలి దాటి విజయవాడ రోడ్డు పడితే వనస్థలిపురం దగ్గర ఆటోనగర్ వస్తుంది. పాత జీపుల మీద మోజున్నవాళ్లు ఇలాంటి చోటికి బండి తోలుకొచ్చి అడిగే పనుల్లో ఒకటి: వెనక చక్రాల డ్రమ్ములు తీసేసి డిస్కులు బిగించడం. నాలుగు నట్లు విప్పి, నాలుగు నట్లు బిగిస్తే అయిపోయే పనిలా కనిపిస్తుంది. కానీ ఆ డిస్కు మన జీపు దాకా రావడానికి ఎన్నో దశాబ్దాలు పట్టింది.

మోటారు బండి పుట్టిన కొత్తలో అందరి ధ్యాసా దాన్ని ఎలా పరిగెత్తించాలన్న దాని మీదే. వేగం పెరిగాక గానీ ఆపడం ఎంత కష్టమో తెలిసిరాలేదు. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో ఒక దారి చూపాడు. చక్రంతో పాటు తిరిగే గుండ్రటి డ్రమ్ము, దాని లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు. పెడలు తొక్కితే షూలు విచ్చుకుని డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకుంటాయి. అదే ఏడాది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇంకో దారి తొక్కాడు. సైకిలు రిమ్మును రెండు రబ్బరు ముక్కలు ఇరువైపులా నొక్కినట్టు, చక్రంతో తిరిగే పలుచటి లోహపు పళ్లేన్ని, అంటే డిస్కును, రెండు వైపుల నుంచీ పట్టి ఆపవచ్చునని పేటెంటు తీసుకున్నాడు.

ఆలోచన సరైనదే, కాలమే కలిసిరాలేదు. ఒత్తిడికీ వేడికీ తట్టుకునే పదార్థం లేక లాంచెస్టర్ రాగి ప్యాడ్లు వాడాడు. ఆనాటి రోడ్ల దుమ్ముకు అవి ఇట్టే అరిగిపోయేవి. లోహానికి లోహం రాసుకుని పుట్టే కీచుశబ్దం చెవులు చిల్లులు పడేలా ఉండేది.

ఆ చిక్కు విప్పే దారి గుర్రపు బళ్ల దగ్గర దొరికింది. డెర్బీషైర్ కొండ దారుల్లో బండివాళ్లు దిగుడులో చక్రానికి పాత బూట్ల తోలు అడ్డం పెట్టడం హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన కంటబడింది. చక్రాన్ని పట్టి ఆపే పదార్థం కోసం వెతుకుతూ వెతుకుతూ ఆయన 1907 నాటికి ఆస్‌బెస్టాస్ లైనింగు దాకా వచ్చాడు. తర్వాత ఎన్నో దశాబ్దాలు బళ్లన్నీ దాని మీదే ఆగాయి. అయితే గెలిచింది డిస్కు కాదు, డ్రమ్మే. తిరిగే డ్రమ్ము ముందు షూను తనలోకి లాక్కుంటుంది కాబట్టి, మెల్లగా తొక్కినా బ్రేకు గట్టిగా పడుతుంది. కాలి బలం తప్ప వేరే సాయం లేని రోజుల్లో అది గొప్ప వరం. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చాక మహీంద్రా వారు మన దేశంలో బిగించిన జీపులకూ అవే వచ్చాయి.

వరం వెంటే శాపమూ ఉంది. ఘాటు దిగేటప్పుడు పదే పదే బ్రేకు తొక్కితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, షూలకు దూరం జరుగుతుంది. లైనింగు పట్టు సడలుతుంది, పెడలు కిందికి దిగిపోతుంది. ఇక నీళ్లు చొరబడితే మరీ కష్టం. 2020 అక్టోబరు వరదలో సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పటి లాంటి నీళ్లలోంచి బయటపడిన బండికి, లోపల చిక్కిన తడీ బురదా ఆరేదాకా బ్రేకు సరిగా పట్టదు. డిస్కు అలా కాదు. అది బయటికే ఉంటుంది కాబట్టి తిరుగుతూనే నీళ్లను విదిలించుకుంటుంది, గాలికి చల్లారుతుంది.

డిస్కుకు మళ్లీ ప్రాణం పోసింది విమానం. బరువూ వేగమూ పెరిగిన విమానాలను రన్‌వే మీద ఆపడానికి డ్రమ్ము చాలలేదు. విమానాల డిస్కుల్లో ఆరితేరిన డన్‌లప్ కంపెనీ, జాగ్వార్ టెస్టు డ్రైవరు నార్మన్ డ్యూయిస్‌తో కలిసి వాటిని కారుకు ఎక్కించింది. పని సాఫీగా సాగలేదు. వేడికి బ్రేకు ఆయిలు మరిగి ఆవిరయ్యేది, తొక్కిన పెడలు ఖాళీగా దిగిపోయేది. మార్చారు, మళ్లీ పరీక్షించారు. 1952లో రీమ్స్ పందెంలో స్టిర్లింగ్ మాస్ ఆ బ్రేకులతోనే గెలిచాడు. 1953 లె మాన్స్ 24 గంటల పందెంలో రోల్ట్, హామిల్టన్‌ల జాగ్వార్ సగటున గంటకు 170 కిలోమీటర్ల వేగంతో మొదట నిలిచింది. ప్రత్యర్థులు మలుపుకు ఎంతో ముందే బ్రేకు తొక్కాల్సి వస్తే, వీళ్లు ఇంకాస్త దూరం దూసుకెళ్లి తొక్కగలిగారు. 1955లో సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకు డిస్కులతో మామూలు జనం చేతికి వచ్చింది.

అయినా వెనక చక్రాలను డ్రమ్ము వదల్లేదు. బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు వాలుతుంది, ఎక్కువ పని ముందు చక్రాలదే. పైగా డ్రమ్ము చవక, హ్యాండు బ్రేకు కలపడం తేలిక. 1985లో వచ్చిన మారుతి జిప్సీకీ ముందు డిస్కులు, వెనక డ్రమ్ములే.

ఇప్పుడు మన ఆటోనగర్ చిక్కుముడికి వద్దాం. లేత్ మీద బ్రాకెట్ చేయించి, వెనక ఇరుసుకు డిస్కూ, దాన్ని ప్యాడ్లతో నొక్కే క్యాలిపరూ బిగించడం వరకు సులువే. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. డిస్కుకు డ్రమ్ములా తనంత తాను పట్టు పెంచుకునే గుణం లేదు. కాలి బలానికి తోడయ్యే బూస్టరు లేని పాత జీపులో పెడలు రాయిలా గట్టిపడుతుంది. డ్రమ్ముల కోసం పైపుల్లో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వును తీయకపోతే ప్యాడ్లు వదలకుండా రాసుకుని వేడెక్కుతాయి. వెనక పట్టు మితిమీరితే ముందుగా వెనక చక్రాలే బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. దానికి ఒత్తిడిని పంచే వాల్వు కావాలి. చివరిది హ్యాండు బ్రేకు. చాలా బళ్లలో అది వెనక డ్రమ్ములోనే ఉంటుంది. డ్రమ్ము తీస్తే అదీ పోతుంది. అందుకే లీవరున్న క్యాలిపరో, నడుమ చిన్న డ్రమ్మున్న డిస్కో వెతకాలి. విల్లీస్ జీపులో మాత్రం హ్యాండు బ్రేకు చక్రాల్లో కాక, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టు మీద ఉంటుంది. యుద్ధకాలపు ఆ ఏర్పాటు ఇన్నేళ్లకు డిస్కు వేసేవారికి కలిసొచ్చింది.

విమానం నుంచి కారుకు దిగిన ఈ డిస్కు కథలో హైదరాబాదుకూ వాటా ఉంది. ఎల్బీనగర్‌కు దగ్గర్లోని కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఓ శాస్త్రవేత్తలు క్షిపణుల కోసం కార్బన్-కార్బన్ మిశ్రమాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కార్బన్ దారాల మధ్య ఖాళీలను మళ్లీ మళ్లీ కార్బన్‌తోనే నింపాల్సిన ఓపిక పని అది. ఆకాశం నుంచి తిరిగివచ్చే క్షిపణి మొనను మండిపోకుండా కాచే ఆ పదార్థంతోనే తేజస్ విమానానికి బ్రేకు డిస్కులు తయారుచేశారు.

పాత జీపు ఉన్నవారికి ఒక మాట. డ్రమ్ము విప్పేటప్పుడు లోపలి పొడిని గాలి కొట్టి చెదరగొట్టకండి. పాత లైనింగుల ఆస్‌బెస్టాస్ ఊపిరితిత్తులకు విషం. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కట్టడి చేస్తుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. కాబట్టి ముందు ఆర్టీఓ కార్యాలయంలోనూ, బీమా కంపెనీ దగ్గరా అడిగి తెలుసుకోండి. అనుమతి దొరికితే పెడలు నుంచి హ్యాండు బ్రేకు దాకా అన్నీ కలిపి మార్చండి. లేదంటే ఉన్న డ్రమ్ములకే కొత్త షూలు వేయించి, సరిగ్గా సెట్ చేయించుకోండి. సగం మార్చిన డిస్కు కన్నా చక్కగా చూసుకున్న డ్రమ్మే నయం.