దుప్పి జాడ తెలిసినవాడు

వేట యనగానే మన తలపునకు వచ్చునది తుపాకి మ్రోత. కాని వేట నెఱిగినవారు, ఏ దేశమువారైనను, ఆ మ్రోతకు ముందు గడచిన దినములనే వేటలో ముఖ్యభాగముగా నెంచుదురు. అమెరికాలో తెల్లతోక దుప్పిని వేటాడువారు, శరత్కాలమున వేటకు సర్కారు అనుమతి మొదలగుటకు ముందే, వేసవి ముగియకముందే, ఇద్దరిద్దరుగా జతగూడి అడవి అంచులలో తిరుగుచు, ముదురు మగదుప్పి పగలు ఏ పొదలో పండుకొనునో, ఏ త్రోవను మేతకు వచ్చునో, ఏ లేతచెట్టు బెరడును కొమ్ములతో రాచి విడిచినదో కనిపెట్టి యుంచుకొందురు. ఈ పూర్వాన్వేషణమునకు మన దేశమందును దీర్ఘమైన చరిత్ర కలదు. అందొక అధ్యాయము తెలుగువారికి చిరపరిచితమైన ఖరగ్‌పూరు రైల్వేపట్టణమునకు చుట్టునున్న సాలవనములలోను, దానికి నైరృతిదిశనున్న సిమ్లిపాల కొండలలోను జరిగినది. ఆ కథలో తుపాకి పట్టినవానికి దక్కిన కీర్తి జాడ చూపినవానికి దక్కలేదు. ఆ బాధయే నాచేత ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదవ శతాబ్ది తుదిని మేదినీపుర మండలమందలి ఎఱ్ఱనేలమీద ఈ కూడలిని నెలకొల్పి, కర్మాగారమును కట్టి, 1900 నాటికి హౌరాతో కలిపినది. దక్షిణమున సముద్రతీరము వెంబడి వచ్చిన ఇనుపదారియే గంజాము, విశాఖపట్టణ మండలములనుండి వేలకొలది తెలుగు కుటుంబముల నిచ్చటికి తోడ్కొనివచ్చినది. నింపురా, మథురాకాటి, గోల్‌బజారుల వీథులలో నేటికిని తెలుగు వినబడును. వి. వి. గిరి గారు 1927లో రైల్వేకార్మికుల సమ్మెను నడపినది ఈ కంపెనీమీదనే. అయితే ఆ దారి మనుష్యులనే గాక, సాలవృక్షముల దుంగలను గూడ మోసికొనిపోయినది. పట్టాల క్రింద పఱచు దిమ్మెలకు, కలకత్తా కట్టడములకు ఆ కలప కావలసివచ్చెను. వేటకాండ్రను అడవి అంచునకు చేర్చిన రైలే అడవిని వెనుకకు నెట్టినదన్నమాట మరువదగినది కాదు.

రైల్వేకాలనీలలో, విశేషించి దొరలకును ఆంగ్లో ఇండియను కుటుంబములకును, శికారు మిక్కిలి ప్రీతిపాత్రమైన వినోదముగా నుండెడిది. 1878 నాటి ఆయుధశాసనము వలన భారతీయుడు లైసెన్సు లేనిదే తుపాకి ముట్టరాదు; ఐరోపావారికి మాత్రము చిరకాలము మినహాయింపులు నడచినవి. మేదినీపుర మండలమందలి అడవులు అధికభాగము జమీందారులవి గనుక, వారి యనుమతియే చాలియుండెడిది. ఇంతకంటె పెద్ద వేట కోరినవారికి బాలేశ్వరపు దారిలోని రూప్సా స్టేషను కలదు. అచ్చటినుండి మయూరభంజ సంస్థానమువారి చిన్నరైలు 1905 మొదలు బారిపదకు నడచెను. బారిపదకు ఆవల సిమ్లిపాల పర్వతారణ్యము. అది రాజుల వేటభూమి.

తుపాకి దొరది, కన్నులు మఱియొకనివి. ఆ రెండవవాడు, అచ్చటి గిరిజనుడైన లోధా గాని సంతాలు గాని, తెల్లవారకమున్నే ముందు నడచుచు నేలను చదివెడివాడు. గిట్టగుర్తు వెడల్పై, మొనలు అరిగి మొద్దువాఱియున్నచో పెద్దవయసు మగదని గ్రహించును. ఆ గుర్తుమీద రాత్రి పురుగులు నడచిన గీతలున్నచో అది నిన్నటిదని విడిచిపెట్టును. జాడకడ్డముగా సాలెగూడు చెదరక నిలిచియున్నచో ఆ త్రోవను ఈ ఉదయమున నేదియు పోలేదని తలయూపును. లేతసాలవృక్షమున బెరడు చీరియున్న తావున వ్రేలితో తడిమి, జిగురు ఇంకను తడిగా నున్నదా, గాయము నేలకెంత ఎత్తున నున్నదని చూచును. చుక్కల దుప్పి మగది వెనుకకాళ్లపై నిలువుగా లేచి, తలపైనున్న కొమ్మలను సైతము కొమ్ములతో కదపును గావున, చిట్టచివరి రెమ్మలలోని విఱుపును గూడ ఆతడు విడువడు. కొండముచ్చులు చెట్లపైనుండి రాల్చు ఆకులకై దుప్పులు క్రిందికి చేరునని, పైవాని కేక వినినంతనే క్రిందివి చెదరునని ఎఱిగి, కొండముచ్చుల మందకు దూరముగా గాలివాలు చూచికొని నడచును. చైత్రమాసమున ఇప్పపువ్వు తెల్లవాఱుజామున రాలును. ఆ తీపికి వచ్చు మృగము ఏ ఇప్పచెట్టును నమ్ముకొన్నదో తెలిసికొన్న తరువాతనే మంచె కట్టుట.

కొమ్ముల విషయమున ఆతని తీర్పు నేటి ప్రాణిశాస్త్రముతో సరిపోవుచున్నది. దుప్పి కొమ్ము ఆవుకొమ్మువలె జీవితాంతము నిలుచునది కాదు. ఏటేటా రాలి, మెత్తని నూగుచర్మము కప్పుకొని మరల పెరిగి, ఆ చర్మమెండి ఊడిన పిమ్మట గట్టిపడును. చుక్కల దుప్పికిని కణుజునకును ఎదిగిన కొమ్మునకు సాధారణముగా మూడేసి మొనలే యుండును గాన, మొనలు లెక్కించి వయస్సు చెప్పుట అసాధ్యము. మొదలి లావు, మెడ బలుపు, నడకలోని నిదానము చూడవలెను. అడవిలో రాలిన కొమ్ములను ఏదులు కొఱికివేయకముందే ఏరి, క్రిందటేటి కొమ్ముతో పోల్చి, ఆ మగది బలము పెరిగినదో తగ్గినదో చెప్పుట ఎంతటి విద్య!

ఇట్టి విద్వాంసుని ప్రభుత్వమెట్లు చూచినది? లోధాలను నేరస్థజాతుల శాసనము క్రింద పట్టికలో చేర్చి, పుట్టుకచేతనే దొంగలని ముద్రవేసినది; ఆ ముద్ర స్వాతంత్ర్యానంతరము 1952లో గాని తొలగలేదు. అడవిలో తన ప్రాణమును ఎవనికి అప్పగించెనో వానినే ఊరిలో పోలీసునకప్పగించిన ఆ పాలకవర్గపు వివేకము నాకు క్షమార్హముగా తోచదు.

ప్రభుత్వము దొంగగా చూచిన వేటకానిని కవులెట్లు చూచిరో తెలుపుటకు, ఈ మేదినీపుర మండలమునకే చెందిన మఱియొక సంగతి చెప్పవలెను. పదునాఱవ శతాబ్ది చివర, స్వగ్రామము విడిచి మేదినీపుర ప్రాంతమందలి ఆరడాలో ఆశ్రయము పొందిన కవికంకణ ముకుందరామ చక్రవర్తి తన చండీమంగళ కావ్యమున కాలకేతువను వ్యాధుని నాయకునిగా నిలిపెను. అతని బాణములకు ఓర్వలేక అడవిమృగములన్నియు చండికాదేవికి మొఱపెట్టుకొనుట అందలి ముఖ్యఘట్టము. మన ధూర్జటి ఆ శతాబ్దమందే తిన్నని కథను చెప్పి, బోయవానిని భక్తాగ్రేసరునిగా నిలిపినాడు. వ్యాధుని గౌరవించిన ఈ కవులలో ముకుందరాముడు మృగముల పక్షమునను గొంతు విప్పినాడు.

ఆ మొఱ నేటిదాక ఆగలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ శాసనము వేటను నిషేధించినను, వసంతగ్రీష్మములలో ఈ అడవులలో సామూహికముగా సాగు శికారు పండుగ నిలిచిపోలేదు. 2018 మార్చిలో లాల్‌గఢ్ అడవిలో కెమెరాకు చిక్కిన పెద్దపులి ఏప్రిల్ 13న బాఘ్‌ఘోరా వద్ద బల్లెపుపోట్లతో చచ్చిపడియుండెను. ఆ తరువాత కలకత్తా హైకోర్టు ఈ వేటలను ఆపుటకు కఠినమైన ఆదేశములిచ్చినది. మితముగా కొట్టి, మిగిలినదానిని కాచిన పూర్వపు అడవిజనుల వేట వేఱు. వేలకొలదిగా మూగి కనబడిన ప్రాణినెల్ల చంపు ఈ జాతర వేఱు. అడవి తరిగిపోయినచోట ఆచారము పేరున ఈ రెండవదానిని సమర్థింపలేము.

జాడ తెలిసినవాడు అడవిని కాపాడగలడనుటకు నిదర్శనము మేదినీపుర మండలమందే కలదు. 1972లో అటవీశాఖాధికారి అజిత్‌కుమార్ బెనర్జీ ఆరాబారిలో 11 గ్రామముల 618 కుటుంబములకు 1,272 హెక్టార్ల పాడుబడిన సాలవనమును అప్పగించి, కాపాడినచో ఫలములో భాగమిత్తునని మాటయిచ్చెను. సాలవృక్షములు మోళ్లనుండి మరల చిగిర్చినవి. దేశమంతట ఉమ్మడి అటవీ యాజమాన్యమునకు అది మార్గదర్శకమైనది.

ఖరగ్‌పూరు తెలుగువారికి నాదొక విన్నపము. మీ తాతలు, ముత్తాతలు చెప్పిన పాత శికారు కథలు మీ ఇండ్లలో నింకను నిలిచియున్నచో, అవి మఱపునబడకముందే తెలుగులో వ్రాసి పెట్టుడు. వ్రాయునపుడు తుపాకి పట్టినవాని పేరుతోబాటు, ముందు నడచి జాడ చూపినవాని పేరును, ఊరును, కులమును గూడ అడిగి తెలిసికొని చేర్చుడు.