దోసపాదులో కుండ

పోయినేడు ఎండాకాలం మా వీధికి నీళ్లు రెండ్రోజులకోసారి వచ్చేవి. పెరట్లో దోసపాదులు వాడిపోతుంటే, ఎవరో చెప్పగా ఒక కుండ కొనుక్కొచ్చి వాటి మధ్య పాతి, నిండా నీళ్లు పోశాను. నాలుగు రోజులైనా బెత్తెడు కూడా తగ్గలేదు. తవ్వితీసి గోకితే తెలిసింది, నేను మట్టిరంగు అనుకున్నది పెయింట్ అని.

ఆ ఉక్రోషంతో కుండ చరిత్ర వెతుక్కుంటూ పోతే చైనాలో తేలాను.

క్రీ.పూ. 1వ శతాబ్దంలో, హాన్ వంశపు చెంగ్ చక్రవర్తి కొలువులో ఉన్న ఫాన్ షెంగ్‌జి వ్యవసాయం మీద ఒక పుస్తకం రాశాడు. అందులో దోసకి చెప్పిన పద్ధతి ఇది. గుంత తవ్వి, ఎరువు కలిపి, నడుమ మూడు 'దౌ'ల నీళ్లు పట్టే మట్టికుండ పాతాలి. ఇప్పటి లెక్కలో ఓ ఆరు లీటర్లు. మూతి నేలకి సమంగా ఉండాలి. నీళ్లు నింపి, నాలుగు పక్కలా ఒక్కో గింజ నాటి, మూతి మీద పెంకు కప్పాలి. నీళ్లు తగ్గితే మళ్లీ నింపాలి. అంతే!

కాల్చిన మట్టిలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. నేల ఎండితే వాటిలోంచి తడిని లాక్కుంటుంది, తడిస్తే లాగడం తగ్గిస్తుంది. పైన పోసిన నీళ్లలా ఎండకి ఆవిరైపోవడం ఉండదు. నా పెయింట్ సరిగ్గా ఆ రంధ్రాల్నే పూడ్చేసింది.

ఆ తర్వాతి మాట నాకు మరీ నచ్చింది. కుండ చుట్టూ పది ఉల్లిజాతి మొక్కలు కూడా నాటమంటాడు. ఐదో నెలలో దోస పండేసరికి వాటిని పీకి అమ్ముకోవచ్చట. ఒకే కుండ నీళ్ల మీద రెండు పంటలు. ఇప్పుడు 'ఓయా' అనే స్పానిష్ పేరుతో ఫోన్లలో ముద్దుగా కనిపించే ఈ కుండ, ఆయనకి మాత్రం కూటి లెక్క.

ఆ పుస్తకం ఇవాళ లేదు. 6వ శతాబ్దంలో జియా సిషియె తన 'చిమిన్ యావ్‌షూ'లోకి ఎత్తి రాసుకున్న భాగాలే ఎక్కువగా మిగిలాయి. దోసపాదు దగ్గర ఆయన కాస్త బద్ధకించి ఉంటే ఈ ఆరు లీటర్ల లెక్క మనదాకా వచ్చేదో లేదో.

రెండోసారి నేరుగా కుమ్మరి దగ్గరికే వెళ్లాను. "తాగే నీళ్లకా సార్?" అన్నాడు. పాతడానికి అన్నాను. వింతగా ఏం చూడలేదు. వెనక వరసలోంచి ఒకటి తీసి, "ఇది మరీ చెమరుస్తోందని ఎవరూ తీసుకోవట్లేదు, సగం ధరకిస్తా" అన్నాడు.