రెండు యాభైలు

గీతకు అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడండి. విజయవాడలో జనవరి పొద్దు, ఇంకా ఏడు కాలేదు. గడ్డి తడిగా ఉంది. సరిగ్గా 70 మీటర్ల అవతల, స్టాండు మీద 122 సెంటీమీటర్ల టార్గెట్. నడుమ పసుపు, దాని చుట్టూ ఎరుపు, నీలం, నలుపు, చివర తెలుపు. పది పాయింట్ల వలయం అడ్డకొలత 12.2 సెంటీమీటర్లే, టీ సాసరు కన్నా చిన్నది. ఇక్కణ్నుంచి దాని గీత కనిపించదు. పసుపు మచ్చ ఒక్కటే కనిపిస్తుంది.

మీ పక్కన పదహారేళ్ల అమ్మాయి రికర్వ్ విల్లు ఎత్తింది. నారి వెనక్కి వచ్చి గడ్డానికి, ముక్కు కొసకు ఆనింది. బాణం మొన క్లిక్కర్ రేకు కింద నుంచి తప్పుకుంది. టిక్. ఆ చప్పుడుతోనే వేళ్లు వదిలాయి. సెకను దాటాకే అవతల బాణం దిగిన శబ్దం వినిపించింది. అలా ఆరు. పక్క లేన్‌లో ఆమెకన్నా ఏడాది చిన్న కుర్రాడూ ఆరు వేశాడు.

నడవండి, టార్గెట్ దగ్గరికి వెళ్దాం. బాణాలు ముట్టుకోకండి, పాయింట్లు రాయడం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. వలయం గీతకు బాణం తగిలితే ఎక్కువ పాయింటే ఇస్తారు. కదిలిస్తే ఆ సంగతి ఇక తేలదు.

అమ్మాయివి 9, 9, 8, 8, 8, 8. మొత్తం 50. కుర్రాడివి 10, 10, 9, 8, 7, 6. అదీ 50.

కార్డు చూసినవాళ్లకు ఇద్దరూ సమానం. టార్గెట్ ముందు నిలబడ్డారు కదా, మీరే చూడండి. అమ్మాయి బాణాలు ఆరూ ఎడమవైపు ఒకే చోట గుత్తిగా దిగాయి. గుత్తి నడిబొడ్డు నుంచి టార్గెట్ కేంద్రానికి 12, 13 సెంటీమీటర్లు. ఆమె చేతిలో తప్పేం లేదు. విల్లు మీద గురిచూసే సైట్ పక్కకుంది, అంతే.

"ఎంత జరపాలమ్మా?" అన్నారు కోచ్.

"మిల్లీమీటరున్నర, ఎడమకి సార్."

బాణం ఎటు పోతే సైట్‌ను అటే జరపాలి. కొత్తవాళ్లకు ఇది తలకిందులుగా తోస్తుంది. కంటికీ సైట్‌కూ మధ్య దూరం మీటరు కన్నా తక్కువ, టార్గెట్ 70 మీటర్లు. అందుకే ఇక్కడి మిల్లీమీటరు అక్కడ దాదాపు 8 సెంటీమీటర్లవుతుంది. గడ్డం కింద నారి పట్టిన చెయ్యి ఒక మిల్లీమీటరు పైకో కిందికో జరిగినా బాణం ఇంకా ఎక్కువే తప్పుతుంది. ఒక్కో వలయం వెడల్పు 6.1 సెంటీమీటర్లు. లెక్క వేసుకోండి.

తర్వాతి ఆరు బాణాలకు ఆమె స్కోరు 56.

కుర్రాడు కూడా సైట్ మీద చెయ్యి వేశాడు. "దాన్ని ముట్టుకోకు, పుస్తకం తియ్యి" అన్నారు కోచ్. నాకు ఈ క్రీడలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఆ నోటు పుస్తకమే అనిపిస్తుంది. స్కోరు కార్డులో పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు వరసగా రాస్తారు. ఏ బాణం ముందు వేశాడో, ఏది తర్వాతో అందులో ఉండదు. పుస్తకంలో ఉంటుంది. స్కోప్‌లో చూసి, వేసిన వరసలోనే రాసుకున్నాడు: 10, 9, 10, 8, 6, 7. చివరి మూడూ కిందికే జారాయి.

ముందు బాణాల నంబర్లు చూశారు. ఒకే నంబరు బాణం ప్రతిసారీ దారి తప్పుతుంటే నారికి తగిలించే నాక్ పగిలిందో, ఈక ఊడిందో చూడాలి. ఇక్కడ అది కాదు. ఆరేసి బాణాల ప్రతి ఎండ్‌లోనూ నాలుగో బాణం దగ్గర్నుంచి భుజం అలుస్తోంది, వీపు బిగువు సడలుతోంది. టిక్ అన్నాక వదలాల్సిన చెయ్యి ఆ టిక్‌లోనే ముందుకు కుంగుతోంది. 40 పౌండ్ల విల్లు రౌండ్‌కు 72 సార్లు లాగితే మొత్తం 1,300 కిలోలు దాటుతుంది. గురి కన్నా ముందు వీపు ఓడిపోతుంది.

ఈ ఊరివాడే బొమ్మదేవర ధీరజ్. 2024 పారిస్ ఒలింపిక్స్ ర్యాంకింగ్ రౌండ్‌లో 720కి 681 చేసి నాలుగో స్థానంలో నిలిచాడు. 72 బాణాల్లో పోయినవి 39 పాయింట్లు. ఆ స్థాయిలో తొమ్మిదిని పది చెయ్యడమే పోరాటం. ఈ కుర్రాడు ఉన్నది 600 దగ్గర. అతను పదుల కోసం ఆరాటపడటం నాకు కష్టంగా అనిపిస్తుంది. ఒక్క 5ను 8 చేస్తే మూడు పాయింట్లు. అవే మూడు కావాలంటే మూడు తొమ్మిదులు పదులు కావాలి. మొదటిది చాలా తేలిక. పిల్లలు మాత్రం రెండోదాని వెంటే పడతారు, పదికే చప్పట్లు కొడతారు కాబట్టి.

"ఈ నెలలో 8 కన్నా తక్కువ ఎన్ని?" అడిగారు కోచ్. కుర్రాడు పేజీలు తిప్పి ఎర్ర పెన్నుతో చుట్టడం మొదలెట్టాడు. చుట్టగా చుట్టగా వాడికే తెలిసింది, అన్నీ నాలుగు, అయిదు, ఆరో బాణాలే.

"సైట్ ఊడదీసి రా. అయిదు మీటర్ల దగ్గర ఉత్త దిమ్మ పెట్టాను, కాగితం లేదు. కళ్లు మూసుకుని వెయ్యి, వీపు మీదే ధ్యాస పెట్టు. స్కోరు రాయొద్దు, వారం దాకా."