ప్రోడక్ట్ బ్యాక్‌లాగ్ ప్రాధాన్యతాక్రమం

ఒక సాఫ్ట్‌వేర్ ఉత్పత్తికి సంబంధించి చేయవలసిన పనులన్నిటినీ చేర్చిన జాబితాను ప్రోడక్ట్ బ్యాక్‌లాగ్ అంటారు. కొత్త సౌకర్యాలు, దోషాల సవరణలు, సాంకేతిక మెరుగుదలలు ఇందులో ఉంటాయి. వీటిలో ఏది ముందు, ఏది తరువాత చేయాలో నిర్ణయించడమే ప్రాధాన్యతాక్రమం. జట్టుకు ఉన్న సమయం పరిమితం కనుక ఒక పనిని ముందుకు తేవడమంటే మరొకదానిని వెనుకకు నెట్టడమే అవుతుంది.

## నేపథ్యం
ఈ జాబితా స్క్రమ్ పద్ధతిలో ముఖ్యమైన భాగం. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో స్క్రమ్‌ను ఒక సదస్సులో వివరించారు. వారు రచించిన స్క్రమ్ గైడ్ 2010లో వెలువడింది. 2011 నాటి సవరణలో "ప్రాధాన్యత" అనే మాటకు బదులుగా "క్రమం" అనే మాటను వాడారు. ఎంత విలువైన పని అయినా, అది ఆధారపడిన మరొక పని పూర్తి కానిదే మొదలు పెట్టలేరు. క్రమాన్ని నిర్ణయించే బాధ్యత ప్రోడక్ట్ ఓనర్ అనే ఒకే వ్యక్తిది, కమిటీది కాదు.

## ప్రధాన పద్ధతులు
* మాస్కో పద్ధతి: 1994లో డై క్లెగ్ రూపొందించాడు. పనులను తప్పనిసరి, ఉండవలసినవి, ఉంటే మంచివి, ఈసారికి వద్దు అని నాలుగుగా విభజిస్తారు.
* కానో నమూనా: 1984లో జపాను ఆచార్యుడు నోరియాకి కానో ప్రతిపాదించాడు. లేకపోతే అసంతృప్తి కలిగించేవి, పెరిగేకొద్దీ తృప్తిని పెంచేవి, ఊహించని ఆనందాన్ని ఇచ్చేవి అని సౌకర్యాలను ప్రధానంగా వర్గీకరిస్తుంది.
* ఆలస్యపు నష్టం: పని ఆలస్యమైతే వారానికి కలిగే నష్టాన్ని, ఆ పనికి పట్టే వారాలతో భాగిస్తారు. ఎక్కువ ఫలితం వచ్చిన పనిని ముందు చేస్తారు.

## ఉదాహరణ
మొదటి పనికి 3 వారాలు పడుతుంది, దాని ఆలస్యపు నష్టం వారానికి రూ.30,000 అనుకుందాం. రెండవ పనికి 1 వారం, నష్టం వారానికి రూ.20,000. పెద్ద పనిని ముందు చేస్తే మొత్తం నష్టం 90,000 + 80,000 = రూ.1,70,000. చిన్న పనిని ముందు చేస్తే 20,000 + 1,20,000 = రూ.1,40,000. వారపు నష్టం తక్కువైనా చిన్న పనిని ముందు చేయడం వలన రూ.30,000 మిగులుతుంది.

## పరిమితులు
ఈ అంకెలు అంచనాలు మాత్రమే. అంచనా తప్పితే క్రమమూ తప్పుతుంది. అన్ని పనులనూ "తప్పనిసరి" అని గుర్తిస్తే వర్గీకరణకు అర్థం ఉండదు. భద్రత, పాత కోడ్ శుద్ధి వంటి పనులను వాడుకరులు అడగరు కనుక అవి ఎప్పుడూ అడుగునే మిగిలిపోయే ప్రమాదం ఉంది. అందువలన కొత్త సమాచారం వచ్చినప్పుడల్లా క్రమాన్ని పునఃపరిశీలించాలి. జాబితా పైభాగంలోని పనులను చిన్నవిగా విభజించి వివరంగా వ్రాస్తారు. అడుగున ఉన్నవాటిని స్థూలంగానే ఉంచుతారు.