పరీక్ష రాసిపెట్టిన రోజు

2014లో నేను ఇంటర్ చదువుతుండగా, కైకలూరులో మా వీధి చివరుండే ఒక అన్నయ్య డిగ్రీ పరీక్షకి నేను రాసిపెట్టాను. ఆయనకి కళ్ళు కనిపించవు. సబ్జెక్టు చరిత్ర. ఆయన చెప్పడం, నేను రాయడం. షేర్షా భూమి శిస్తు గురించి గడగడా చెప్పేస్తున్నాడు. ఎంపీసీ వాణ్ణి కదా, "కబూలియత్" అనగానే కలం ఆగిపోయింది. పాపం ఒక్కో అక్షరం చెప్పి రాయించాడు. ఇలాంటి వాటికే బోలెడు టైము పోయింది.

మూడు గంటలు కాగానే ఇన్విజిలేటరు గారు వచ్చి పేపరు లాక్కున్నారు. ఇంకా ఒక వ్యాసం మిగిలుంది. "మాకు ఎక్స్‌ట్రా టైముంటుంది సార్" అన్నాడు అన్నయ్య. "అలాంటి ఆర్డరేం రాలేదు బాబూ" అన్నారాయన. నేను నోరు మెదపలేదు. అసలు అలాంటి రూలొకటి ఉంటుందనే నాకు తెలీదు. బయటికొచ్చాక అన్నయ్యే నాకు ధైర్యం చెప్పాడు, "పర్లేదులేరా" అని.

రూలు ఉంది! 2013 ఫిబ్రవరిలోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. గంటకి కనీసం 20 నిమిషాలు అదనం, దేశమంతా ఒకే విధానం ఉండాలి అని. అంటే మూడు గంటల పరీక్షకి ఇంకో గంట. ఆ కాగితం ఢిల్లీలో బయల్దేరి మా కొల్లేటి గట్టు దాకా రాలేదంతే.

ఉద్యోగంలో చేరాక కుతూహలం కొద్దీ పాత చట్టాలు తిరగేశాను. 1995 వికలాంగుల చట్టంలో రాసిపెట్టేవాళ్ళని ఏర్పాటు చెయ్యాలని ఉంది, బావుంది. కానీ 30వ సెక్షన్‌లో ఇంకో ముక్క కూడా ఉంది: చూపు లేని విద్యార్థుల కోసం పరీక్షల్లో పూర్తిగా లెక్కలుండే ప్రశ్నలు తీసెయ్యాలట. మంచి మనసుతోనే రాసుంటారు. కానీ అందులో దాగున్న మాటేంటి? "నీకు లెక్కలు రావులే" అని.

లెక్కలూ సైన్సే కావాలన్న కుర్రాడు మా పక్కనే పుట్టాడు. బొల్లా శ్రీకాంత్‌ది మచిలీపట్నం దగ్గర సీతారామపురం. (2022లో ఏలూరు జిల్లాలో కలిపేదాకా కైకలూరు కూడా కృష్ణా జిల్లాయే, అందుకని మావాడే అంటాను!) పదో తరగతి అయ్యాక సైన్సు గ్రూపు ఇవ్వం అన్నారు. ఒక టీచరు సాయంతో కోర్టుకెళ్ళాడు. ఆరు నెలల తర్వాత అనుమతి వచ్చింది. పాఠాలు ఆడియోగా విని చదివి 98 శాతం తెచ్చుకున్నాడు. ఐఐటీ కోచింగ్ వాళ్ళు చేర్చుకోకపోతే 2009లో ఎంఐటీకి వెళ్ళాడు. 2024లో సినిమా కూడా వచ్చింది, చూసే ఉంటారు.

అయితే అమెరికా స్వర్గమనీ మనది నరకమనీ తేల్చెయ్యకండి. శ్రీకాంత్‌కి సీటిచ్చిన ఆ ఎంఐటీ మీదే, హార్వర్డ్ మీద కూడా, అక్కడి బధిరుల సంఘం 2015లో కేసు వేసింది. ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టిన వీడియో పాఠాలకి సరైన క్యాప్షన్లు లేవని. హార్వర్డ్ 2019లో, ఎంఐటీ 2020లో రాజీకొచ్చాయి. లోకమంతటికీ తలుపులు తెరిచామనుకున్న చోట కూడా చెవులు వినపడనివాళ్ళు గుమ్మం బయటే ఉన్నారన్నమాట.

మన దగ్గర 2016లో కొత్త చట్టం వచ్చింది. ఉన్నత విద్యలో రిజర్వేషన్ 3 నుంచి 5 శాతమైంది. చదువులో ఎవరి అవసరానికి తగ్గ సదుపాయం వాళ్ళకివ్వాలని రాశారు. 2021లో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. అతనికి రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బు. 40 శాతం వైకల్యం లేకపోతే రాసిపెట్టేవాళ్ళని ఇవ్వం అన్నది యూపీఎస్సీ వాదన. కుదరదంది కోర్టు.

గమనించారా, ప్రతిసారీ ఎవరో ఒక కుర్రాడు కోర్టు మెట్లెక్కితేగానీ ఒక అడుగు పడలేదు. మన భాషలో చెప్పాలంటే డిజైన్‌లో ఉండాల్సినదాన్ని ప్రొడక్షన్‌లో ఒక్కో టికెట్టుకి ఒక్కో ప్యాచ్‌గా వేసుకుంటూ వస్తున్నాం.

2020 లాక్‌డౌన్లో క్లాసులన్నీ ఫోన్లోకొచ్చినప్పుడు కూడా ఇదే తంతు. చేత్తో రాసిన నోట్సు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే స్క్రీన్ రీడరుకి అదొక బొమ్మ, అంతే. పాత అను ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ మన కంటికి చక్కటి తెలుగు, స్క్రీన్ రీడరుకి అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు. అదే యూనికోడ్‌లో ఉంటే ఎన్‌వీడీఏ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరే చదివిపెడుతుంది. ఇందుకు పెద్ద బడ్జెట్టేం అక్కర్లేదు. మొదట్లోనే ఎవరికో ఒకరికి గుర్తుండాలి, అంతే.

అదనపు గంట ఇస్తే దయ చూపించినట్టు కాదు. ప్రశ్న అదే, మార్కులూ అవే. నేను "కబూలియత్" రాయడానికి పట్టిన టైము ఆయనకి తిరిగివ్వడం, అంతే. ఆ రోజు నాకు రూలు తెలిసుంటే ఒక్క మాట అనేవాణ్ణి. ఇప్పుడు మనలో చాలామందిమి కాలేజీ పోర్టళ్ళూ పరీక్షల సైట్లూ రాస్తున్నాం. ఈసారి రిక్వైర్‌మెంట్స్ మీటింగులో ఆ ఒక్క మాటా అందాం. అప్పుడైతే "ఆర్డరు రాలేదు" అనడానికి వీలుండదు, కోడ్ రాసేది మనమే కదా!