మైక్రోవేవ్ ఓవెన్ తలుపు స్విచ్‌లు: లోపాల గుర్తింపు
మైక్రోవేవ్ ఓవెన్ తలుపు గొళ్లెం వెనుక సాధారణంగా మూడు మైక్రోస్విచ్‌లు ఉంటాయి. తలుపు పూర్తిగా మూసుకుంటేనే మొదటి రెండూ మాగ్నెట్రాన్‌కు కరెంటు అందనిస్తాయి. మూడోది కాపలా స్విచ్. తలుపు తెరిచినా ఆ స్విచ్‌లు విడిపోకపోతే, ఇది సరఫరాను షార్ట్ చేసి ఫ్యూజును కాల్చేస్తుంది. కాబట్టి తలుపు తీసినప్పుడల్లా ఫ్యూజు పోతుంటే ఫ్యూజు ఒక్కటే మార్చడం తప్పు.

ఓవెన్ అసలు మొదలుకాకపోతే ముందు తలుపు కొక్కెం విరిగిందేమో చూడాలి. అది బాగుంటే స్విచ్‌లను పరీక్షించాలి. అయితే ప్లగ్ తీసినా ఓవెన్ లోపలి కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన హై వోల్టేజ్ మిగిలి ఉండవచ్చు; దాన్ని డిశ్చార్జ్ చేయడం శిక్షణ పొందిన మెకానిక్ పని. తర్వాత వైర్లు విడదీసి మల్టీమీటర్‌తో చూస్తే, మొదటి రెండు స్విచ్‌లు నొక్కినప్పుడు దాదాపు 0 ఓమ్‌లు చూపాలి, వదిలితే సర్క్యూట్ తెగాలి. కాపలా స్విచ్‌ది దీనికి తలకిందులు. పాడైనదాన్ని అదే రేటింగు ఉన్న స్విచ్‌తోనే మార్చాలి. తీగతో కలిపేస్తే తలుపు తెరిచి ఉన్నా మైక్రోవేవ్‌లు వెలువడే ప్రమాదం ఉంది.