ఏటి చివర ఖాళీ అయిన కోట

మా ఊత్తుకోటలో అరణియారును ఉత్త ‘ఏరు’ అనే అంటాం. నాగలాపురం, సురుటుపల్లి దాటొచ్చి, మా ఊరిని ఒరుసుకుని, పెరియపాళెం, పొన్నేరి మీదుగా పోయి పులికాట్ సరస్సులో పడుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు దాన్నిండా ఇసుకే. ఆ ఏరు పోయే దారినే బస్సులు మారుతూ ఒకసారి పళవేర్కాడు, అంటే పులికాట్ ఊరికి వెళ్ళాను, ఒలందావాళ్ళ (డచ్చివాళ్ళ) కోట చూద్దామని. ముళ్ళకంపలు, పూడిపోయిన అగడ్త జాడ, అంతే కనబడ్డాయి. వాళ్ళ సమాధుల తోట మాత్రం చెక్కుచెదరలేదు. వాకిట్లో అటూ ఇటూ రాతిలో చెక్కిన రెండు అస్థిపంజరాలు, కాపలా సిపాయిల్లా.

విజయనగర రాజు వేంకటపతిరాయల అనుమతితో 1610లో డచ్చివాళ్ళు ఇక్కడ నిలదొక్కుకున్నారు. 1613కల్లా కోట లేచింది. హాలండులోని గెల్డర్లాండ్ పేరు మీద దానికి గెల్డ్రియా అని పేరు పెట్టారు. కోరమండల్ తీరంలో వాళ్ళ రాజధాని ఇదే. అద్దకం బట్టలు ఇక్కణ్ణుంచే ఓడలెక్కేవి, తుపాకిమందు కూడా ఇక్కడే తయారయ్యేది. కరువు కాలాల్లో బానిసలుగా మనుషుల్ని కూడా ఇక్కణ్ణుంచే జావాలోని బటావియాకు ఓడలెక్కించారు. బట్టల గొప్ప చెప్పుకునేవాళ్ళు ఈ మాట ఎత్తరు.

కోట ఖాళీ అయ్యే గడియ యుద్ధంతో కాదు, లెక్కల పుస్తకంతో వచ్చింది. డచ్చి కంపెనీలో అవినీతిని, దుబారాను అరికట్టమని 1684లో వాన్ రీడ్ అనే దొరను పంపారు. మలబారు మొక్కల మీద పన్నెండు సంపుటాల గ్రంథం వేయించిన ఆయనే ఈయన. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది, ఉత్తరాన వ్యాపారం ఒడిదుడుకుల్లో పడింది. నాగపట్టణమైతే సింహళానికి దగ్గర. పొదుపు పేరుతో 1690లో గవర్నరు కచేరీ అక్కడికి తరలింది. పులికాట్‌కు మిగిలింది చిన్న దండు, తగ్గిన హోదా. నాగపట్టణంలోనేమో కొత్తగా పెద్ద కోట కట్టారు. ఒకచోట సిపాయిల్ని తగ్గించి ఇంకోచోట గోడలు లేపడాన్ని పొదుపంటారా? మా ఊళ్ళో అయితే ఇంకేదో పేరు పెడతారు.

ఆ ఎత్తుగడ తొంభై ఏళ్ళకు తిరగబడింది. 1781లో నాగపట్టణాన్ని ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని, సంధి కుదిరాక కూడా వదల్లేదు. పులికాట్‌ను మాత్రం తిరిగిచ్చారు. పక్కన పెట్టిన కోటే మళ్ళీ రాజధాని అయింది. 1795లో అదీ ఇంగ్లీషువాళ్ళ పాలైంది. 1806 నాటికి కోటను పడగొట్టేశారు. అసలు తమాషా ఆ తర్వాతే: 1818లో ఊరిని డచ్చివాళ్ళకు మళ్ళీ అప్పజెప్పారు, కోట లేకుండా! కాపలాకు గోడే లేని ఊళ్ళో ఏడేళ్ళు వాళ్ళ జెండా ఎగిరింది. 1824లో లండన్‌లో కుదిరిన ఒప్పందంతో హిందూదేశంలోని తమ ఠాణాలన్నిటినీ, వాటితోపాటు మలక్కానూ వదులుకుని, సుమత్రాలోని బెంకూలెన్ తీసుకున్నారు. 1825లో పులికాట్ చేతులు మారింది.

బట్ట మాత్రం సముద్రం దాటి, పేరు నిలుపుకుంది. మలేషియాలో గళ్ళ లుంగీని ఇప్పటికీ ‘కైన్ పెలికాట్’ అంటారు. అక్కడే స్థిరపడ్డ మా చిన్నాన్న సెలవులకు వచ్చినప్పుడల్లా నా కైలీ వంక చూసి, “పెలికాట్ కట్టావేరా!” అంటాడు.